అభిజిత్తు ఆకాశం నుంచి జారిపోయిందా?

మహాభారతం అరణ్యపర్వంలో కుమారస్వామి కథ నడుస్తున్న చోట ఒక చిన్న సంభాషణ ఉంది. భర్తలు అనుమానించి వదిలేసిన ఆరుగురు ఋషిపత్నులు స్కందుడి దగ్గరికి వచ్చి, తమకు స్వర్గంలో శాశ్వతంగా చోటిప్పించమని అడుగుతారు. అప్పుడు ఇంద్రుడు స్కందుడితో ఇలా అంటాడు: రోహిణికి చెల్లెలైన అభిజిత్తు అక్కతో పోటీపడి, తనకే పెద్దరికం కావాలని తపస్సుకు అడవికి వెళ్లిపోయింది. ఆకాశం నుంచి ఒక నక్షత్రం జారిపోయింది. నాకేమీ పాలుపోవడం లేదు, బ్రహ్మతో కలిసి కాలం సంగతి నువ్వే ఆలోచించు. ఆ తర్వాత బ్రహ్మ ధనిష్ఠతో మొదలయ్యేట్టు కాలాన్ని ఏర్పాటు చేశాడనీ, అంతకుముందు రోహిణి మొదటిదిగా ఉండేదనీ, అలా లెక్క సరిపోయిందనీ శ్లోకాలు చెబుతాయి. ఆ ఆరుగురూ కృత్తికలై ఆకాశానికి వెళ్లిపోయారు.

ఈ కొద్ది పంక్తుల మీద పెద్ద వాదనే నిలబడింది. అభిజిత్తు అంటే ఇప్పుడు ప్రపంచమంతా వేగా అని పిలిచే నక్షత్రం. వేగా ఒకప్పుడు ధ్రువతార. అది ధ్రువ స్థానంలో ఉన్నది క్రీ.పూ. 12,000 ప్రాంతంలో. కాబట్టి అది అక్కడి నుంచి తప్పుకోవడం కళ్లారా చూసినవాళ్ల మాటే ఈ శ్లోకం, అంటే 14,000 ఏళ్ల నాటి సాక్ష్యం. వాదన ఇలా సాగుతుంది. ఇందులో మొదటి మూడు మాటలకూ ఆధారాలున్నాయి. చిక్కంతా ఆ 'కాబట్టి' దగ్గరే ఉంది. అది తేలాలంటే వేగా ఉన్న లైరా నక్షత్ర మండలాన్నీ, రకరకాల జనం దాని మీద అల్లుకున్న కథలనూ కాస్త తీరిగ్గా చూడాలి. ఈ కథలు ఒకదాన్నొకటి వెలిగిస్తాయి.

ఆకాశంలో ఏముంది

లైరా చిన్న మండలం. ఇప్పుడు అధికారికంగా గుర్తించిన 88 మండలాల్లో విస్తీర్ణం ప్రకారం దానిది 52వ స్థానం. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఖగోళ పండితుడు టాలెమీ రాసుకున్న 48 మండలాల జాబితాలోనే ఇది ఉంది. ఒక మూల వేగా, దాన్ని ఆనుకుని రెండు మసక చుక్కలు, వాటి కింద వాలుగా ఒక చిన్న సమాంతర చతుర్భుజం. చూడటానికి అంతే.

కానీ ఆ వేగా మామూలు చుక్క కాదు. రాత్రి ఆకాశంలో కనిపించే నక్షత్రాల్లో కాంతిలో అయిదోది. ఖగోళంలో ఉత్తరార్ధం వరకే చూస్తే స్వాతి తర్వాత రెండోది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లకు జూన్ సాయంత్రాల్లో ఈశాన్యంలో పైకి వస్తూ, ఆగస్టులో దాదాపు నడినెత్తికి చేరి, శీతాకాలం మొదలయ్యేసరికి వాయవ్యానికి వాలుతుంది. నీలం కలిసిన తెలుపు రంగు. ఆ దిక్కున దాన్ని మరో చుక్కతో పొరబడటం కష్టం.

మన నుంచి 25 కాంతి సంవత్సరాల దూరం, సూర్యుడికి సుమారు 40 రెట్ల వెలుగు. విపరీతమైన వేగంతో తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. అయితే దాని ధ్రువం దాదాపు సరిగ్గా మనవైపే తిరిగి ఉండటంతో ఆ తిరుగుడు చాలాకాలం శాస్త్రవేత్తల లెక్కకు అందలేదు. సూర్యుణ్ణి మినహాయిస్తే మొట్టమొదట ఫొటో తీయించుకున్న నక్షత్రం కూడా ఇదే. 1850 జూలైలో హార్వర్డ్ వేధశాలలో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పలక మీద దీన్ని పట్టుకున్నారు. నక్షత్రాల కాంతిని కొలిచే కొలమానానికి చాలాకాలం వేగానే సున్నా గుర్తుగా వాడారు.

పక్కనున్న మసక చుక్కల్నీ తక్కువగా చూడనక్కర్లేదు. చతుర్భుజంలో ఒక మూలనున్న షెలియాక్ దాదాపు 13 రోజులకోసారి బాగా మసకబారి మళ్లీ తేరుకుంటుంది. 1784లో దీన్ని పసిగట్టిన జాన్ గుడ్‌రిక్ వినికిడి లేని కుర్రాడు, అప్పటికి అతనికి దాదాపు ఇరవై ఏళ్లు. రెండేళ్లకే చనిపోయాడు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ పరస్పరం అడ్డుపడటమే ఆ మసకకు కారణం. అవి ఎంత దగ్గరగా ఉన్నాయంటే ఒకదాని పదార్థం రెండోదాని మీదికి ప్రవహిస్తోంది.

మూడు చుక్కలు, నాలుగు బొమ్మలు

లైరా కథల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది దేవతల సంగతి కాదు, చుక్కల ఎంపిక. వేగా, దాని పక్కనున్న రెండు మసక చుక్కలు కలిసి చిన్న త్రికోణం అవుతాయి. భారతీయ జ్యోతిషంలో అభిజిత్తుకు మూడు తారలు, ఆకారం శృంగాటకం, అంటే ముక్కోణంగా ఉండే నీటికాయ. చైనావాళ్ల 'నేత అమ్మాయి' కూడా సరిగ్గా ఈ మూడు చుక్కలే. అరబ్బులు ఈ మూడింటినీ రెక్కలు ముడుచుకుని కిందికి దిగుతున్న రాబందుగా చూశారు. వేగా పక్షి ఒళ్లు, మిగతా రెండూ ముడుచుకున్న రెక్కలు. వేగా అన్న పేరు ఆ అరబ్బీ పిలుపు నుంచే వచ్చింది.

దీనికి జంటగా ఆకాశగంగ అవతలి ఒడ్డున గరుడ మండలంలో ఆల్టెయిర్ ఉంది, మన శ్రవణా నక్షత్రం. దానికి రెండు వైపులా చెరో చుక్క, మూడూ దాదాపు ఒకే వరుసలో. అరబ్బులకు అది రెక్కలు చాచి ఎగురుతున్న గద్ద. చైనా కథలో కావడిలో ఇద్దరు పిల్లల్ని మోసుకెళ్తున్న పశువుల కాపరి. మన దగ్గర త్రివిక్రముడైన విష్ణువు మూడు అడుగులు. మూడు సంస్కృతులూ ఈ పక్క మూడు, ఆ పక్క మూడు చుక్కల్ని ఎంచుకుని, రెండిటినీ జంటగానో వరుసగానో పెట్టుకున్నాయి. గ్రీకులు మాత్రం చతుర్భుజాన్ని కూడా కలుపుకుని లైర్ అనే తీగల వాద్యాన్ని చూశారు. మెసొపొటేమియాలో ఇది మేక, వైద్యదేవత గులాకు చెందినది. ఆ మేక ఎందుకొచ్చిందో బొమ్మ చూస్తే తేలదు.

అరబ్బుల పక్షీ గ్రీకుల వాద్యమూ యూరప్‌లో కలిసిపోయాయి. 1603లో జొహాన్ బేయర్ అచ్చువేసిన నక్షత్ర పటంలో పక్షి ఒళ్లంతా కప్పేస్తూ లైర్ వాద్యం ఉంటుంది. ఆ వింత బొమ్మ తర్వాత మరో రెండు వందల ఏళ్లపాటు పటాల్లో కనిపిస్తూనే ఉంది.

తాబేటి చిప్పతో మొదలైన కథ

గ్రీకు కథలో ఈ వాద్యం చేసింది హెర్మీస్, అదీ పుట్టిన రోజునే. ఊయల దిగి బయటికొచ్చిన ఆ పసివాడికి గుమ్మం దగ్గర తాబేలు కనిపించింది. దాన్ని చంపి, చిప్పకు తీగలు బిగించి వాయించాడు. అదే రోజు సాయంత్రం వెళ్లి అపోలో ఆవుల్ని యాభై దొంగిలించాడు. పట్టుబడ్డాక అపోలో కోపం చల్లార్చడానికి ఈ వాద్యం వాయించి, చివరికి దాన్ని ఆయనకే ఇచ్చేశాడు. వెన్న దొంగను చూసి మురిసిపోయే మనకు ఈ ఆవుల దొంగ కొత్తవాడేమీ కాదు.

అపోలో నుంచి అది ఆర్ఫియస్ చేతికి వచ్చింది. కావ్యదేవత కాలియోపీ కొడుకు అతను. వాయిస్తే చెట్లూ రాళ్లూ కూడా కదిలి దగ్గరికొచ్చేవట. అతని భార్య యూరిడిసీ పాము కాటుకు చనిపోతే, ఆమె కోసం మృతలోకానికి దిగి, తన పాటతో అక్కడి రాజు హేడిస్‌నూ రాణి పెర్సెఫోనీనీ కరిగించాడు. ఆమెను తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద: పైకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. చివరి నిమిషంలో చూశాడు. ఆమె మళ్లీ పోయింది, ఈసారి శాశ్వతంగా.

పాముకాటుకు బలైన ప్రియురాలి కోసం మృత్యువుతో బేరమాడిన కథ మనకూ ఉంది. ఆదిపర్వంలో రురుడు తన ఆయుష్షులో సగం ప్రమద్వరకు ఇచ్చి ఆమెను బతికించుకున్నాడు. అక్కడ బేరం ఆయుష్షుతో, లెక్కగా, కుదిరిపోయింది. గ్రీకు కథలో బేరం నిగ్రహంతో, అది కుదరలేదు. రెండు కథలకూ చుట్టరికం ఉందని నేను అనను. పాములు అన్ని చోట్లా ఉన్నాయి.

ఆర్ఫియస్ చివరికి ఉన్మత్త స్త్రీల చేతిలో ముక్కలయ్యాడు. అతని తలా వాద్యమూ నదిలో పడి, సముద్రంలో కొట్టుకుపోయి లెస్బోస్ దీవికి చేరాయని ఒక కథనం. కావ్యదేవతలు జ్యూస్‌ను వేడుకుంటే వాద్యాన్ని ఆకాశంలో పెట్టాడని మరొకటి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గ్రీకు కథకు చుక్కలతో సంబంధం చివరి వాక్యంలోనే వస్తుంది. కథ ముందు పుట్టింది, ఆకాశంలో దానికి చోటు తర్వాత దొరికింది. తూర్పు దేశాల కథ అలా కాదు, అది చుక్కల నుంచే పుట్టింది.

ఆకాశగంగకు అటూ ఇటూ

క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది నాటి చైనా కవితల్లో నేత అమ్మాయీ ఎద్దూ అప్పటికే ఉన్నారు. కానీ ప్రేమ లేదు, ఉన్నదల్లా వెటకారమే. నేతగత్తె పేరుకే, ఒక్క గుడ్డ ముక్కా నేయదు. ఎద్దు కూడా పేరుకే, బండి లాగదు. పన్నులతో పీల్చి పిప్పి చేసే పాలకుల మీద ప్రజల ఫిర్యాదు అది. అందరికీ తెలిసిన ప్రేమకథ తర్వాతి శతాబ్దాల్లో దాని చుట్టూ అల్లుకుంది.

ఆ కథ ఇలా ఉంటుంది. దేవతల కోసం మేఘాల వస్త్రాలు నేసే అమ్మాయి పశువుల కాపరిని ప్రేమించింది. పెళ్లయ్యాక ఇద్దరూ పని మరిచిపోయారు. పెద్దలకు కోపమొచ్చి ఇద్దరి మధ్యా ఒక నదిని పారించారు. ఆ నదే ఆకాశగంగ. ఏడాదికొకసారి, ఏడో నెల ఏడో రాత్రి, పక్షులు బారులు తీరి వంతెన కడితే ఇద్దరూ కలుసుకుంటారు. కొరియాలో, జపాన్‌లో, వియత్నాంలో కూడా ఇదే కథ పండుగై నిలిచింది.

తేదీ ఊరికే పెట్టలేదు. చాంద్రమానంలో ఏడో నెల అంటే సుమారుగా ఆగస్టు. చీకటి పడగానే వేగా నడినెత్తిన, కాస్త దక్షిణంగా ఆల్టెయిర్, రెంటి మధ్యా ఆకాశగంగ, అన్నీ ఏడాదిలోకెల్లా బాగా కనిపించే సమయం. సప్తమి కాబట్టి సగం చంద్రుడు సాయంత్రం ఆకాశంలోనే ఉంటాడు. జపాన్ 1873లో గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారాక చాలాచోట్ల పండుగ జూలై 7కి వచ్చి పడింది. అది అక్కడ వానల కాలం, ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. క్యాలెండర్ మారితే కథ ఎలా ఇబ్బంది పడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంతకీ ఆ రెండు నక్షత్రాల మధ్య నిజమైన దూరం సుమారు 15 కాంతి సంవత్సరాలు. ఏడాదికోసారి కలవడం అటుంచి, ఒకరు పిలిస్తే ఆ పిలుపు రెండోవారికి అందడానికే పదిహేనేళ్లు పడుతుంది.

దక్షిణార్ధగోళం వాళ్లకు వేగా ఉత్తరాన బాగా కింద, కొద్ది నెలలే కనిపిస్తుంది. అందుకే అక్కడ అది కాలాన్ని చెప్పే గుర్తు అయింది. న్యూజీలాండ్ మావోరీలకు తెల్లవారుజామున వ్హానూయి, అంటే వేగా, పొడవడం చిలగడదుంపల కోతకు వేళ. ఆ దుంపల్ని దాని దగ్గర నుంచి దొంగిలించారనీ, కోపంతో వ్హానూయి పంట మీదికి గొంగళిపురుగుల్ని పంపిందనీ వాళ్ల కథ. ఆస్ట్రేలియాలో విక్టోరియా వాయవ్య ప్రాంతపు బూరాంగ్ జనం ఈ మండలాన్ని మట్టిదిబ్బలు పేర్చి అందులో గుడ్లు పెట్టే మాలీ పక్షిగా చూశారు. విలియం స్టాన్‌బ్రిడ్జ్ 1857లో ఈ సంగతి నమోదు చేశాడు. ఆ మండలం సాయంత్రపు ఆకాశం నుంచి మాయమయ్యే రోజులూ, ఆ పక్షి గుడ్లు ఏరుకునే రోజులూ ఒకటే.

మూడు అభిజిత్తులు

ఇప్పుడు మన చిక్కుముడికి వద్దాం. అభిజిత్తు అన్న పేరుతో మూడు వేర్వేరు సంగతులున్నాయి. సగం గందరగోళం వాటిని కలిపేయడం వల్లే.

ఒకటి, నక్షత్రం. తైత్తిరీయ బ్రాహ్మణం దీని చోటు స్పష్టంగా చెబుతుంది: ఆషాఢలకు తర్వాత, శ్రోణకు, అంటే శ్రవణానికి, ముందు. దేవాసుర యుద్ధంలో ఈ నక్షత్రంలోనే దేవతలు గెలిచారని కూడా చెబుతుంది. సూర్యసిద్ధాంతం అనే పాత జ్యోతిష గ్రంథం దీనికి రవిమార్గం నుంచి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారి నుంచి, 60 డిగ్రీల ఉత్తరపు దూరం ఇస్తుంది. వేగా అసలు దూరం దాదాపు 62 డిగ్రీలు. ఆ దిక్కున అంత పైన ఇంకే ప్రకాశవంతమైన నక్షత్రమూ లేదు కాబట్టి అభిజిత్తు వేగానే అన్నదానిలో పెద్దగా పేచీ లేదు.

రెండు, రాశిచక్రంలో ఒక చిన్న ముక్క. ఉత్తరాషాఢ నాలుగో పాదం, శ్రవణంలో మొదటి పదిహేనో వంతు కలిపి అభిజిత్తు అంటారు. మొత్తం 4 డిగ్రీల 13 నిమిషాల చిల్లర. ఇంత విచిత్రమైన కొలత ఎందుకు? చంద్రుడు రోజుకు సగటున 13 డిగ్రీల 10 నిమిషాల 35 వికలలు నడుస్తాడు (డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, నిమిషంలో అరవయ్యో వంతు వికల). 27 రోజుల్లో 355 డిగ్రీల 45 నిమిషాల చిల్లర అవుతుంది. పూర్తి చక్రానికి ఇంకా 4 డిగ్రీల 14 నిమిషాలు తక్కువ. ఆ మిగులే అభిజిత్తు. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27 రోజులు కాదు, 27.32 రోజులు పడుతుంది. ఆ పాయింట్ ముప్పై రెండుకు ఎక్కడో ఒక చోటు ఇవ్వాలి కదా. కొన్ని పద్ధతులు దాన్ని అభిజిత్తు ఖాతాలో వేశాయి.

మూడు, పంచాంగంలోని అభిజిన్ముహూర్తం. పగటిని 15 భాగాలు చేస్తే ఎనిమిదోది. పగలూ రాత్రీ సమానంగా ఉన్న రోజున అది స్థానిక మధ్యాహ్నానికి 24 నిమిషాల ముందు మొదలై, 24 నిమిషాల తర్వాత ముగుస్తుంది. ఇది పూర్తిగా సూర్యుడి లెక్క. ఆ సమయంలో వేగా ఆకాశంలో ఎక్కడుందో, అసలు ఉదయించిందో లేదో కూడా దీనికి పట్టదు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి పెట్టే అభిజిత్ లగ్నం ఈ మధ్యాహ్నపు అభిజిత్తే.

ఇక 27, 28 గొడవ. అథర్వవేదం 19వ కాండ జాబితాలో 28 నక్షత్రాలున్నాయి, అభిజిత్తుతో కలిపి. తైత్తిరీయ సంహిత జాబితాలో 27, అభిజిత్తు లేదు. వేదాంగ జ్యోతిషంలోనూ 27. అంటే రెండు లెక్కలూ చాలాకాలం పక్కపక్కనే బతికాయి. 360 డిగ్రీల్ని 27 సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 13 డిగ్రీల 20 నిమిషాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. గణితానికి ఇది ఎంతో సులువు. 28తో అలా కుదరదు. పైగా చంద్రుడు రవిమార్గానికి సుమారు అయిదు డిగ్రీలకు మించి పక్కకు పోడు, అభిజిత్తు 62 డిగ్రీల దూరంలో ఉంది. శ్రవణం, ధనిష్ఠ, స్వాతి కూడా దూరమే, సుమారు 30 డిగ్రీలు, అయినా నిలిచాయి. కాబట్టి దూరం ఒక్కటే కారణం అనలేం. సమాన భాగాల పద్ధతి గెలిచినప్పుడు ఎవరో ఒకరు బయటికి పోవాలి, అందరికంటే దూరంగా ఉన్నది పోయింది. అలా పోయినా గౌరవం తగ్గలేదు. భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడితో నక్షత్రాల్లో అభిజిత్తును నేనే అంటాడు.

'జారిపోవడం' అంటే

ఇంత తెలిశాక మొదటి శ్లోకాన్ని మళ్లీ చదవండి. నక్షత్రాలు దక్షుడి కూతుళ్లు, చంద్రుడి భార్యలు. చంద్రుడికి రోహిణి మీదే ప్రేమ ఎక్కువైనందుకు దక్షుడు శపించడం, అందుకే చంద్రుడు క్షీణించి మళ్లీ పెరగడం మనకు తెలిసిన కథే. అభిజిత్తు పోటీపడింది ఆ రోహిణితో, ఆ కుటుంబంలో పెద్దరికం కోసం. ఇది చంద్రుడి దారిలో ఉన్న జాబితాకు సంబంధించిన తగవు. శ్లోకంలో ధ్రువం ప్రస్తావనే లేదు. చెల్లెలు వెళ్లిపోతే ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీ గురించి ఇంద్రుడు కంగారుపడ్డాడు, కృత్తికలు పైకి వెళ్లారు, 'లెక్క సరిపోయింది'. కథ తనంతట తానే ఇది లెక్క సమస్య అని చెబుతోంది. అందులో దాచిపెట్టిన రహస్యమేమీ లేదు.

వేగా నిజంగా ఎక్కడికైనా పడిందా అంటే, లేదు. నక్షత్రాలకు సొంత కదలిక ఉంటుంది. వేగాకు అది ఏడాదికి మూడో వంతు వికల. పద్నాలుగు వేల ఏళ్లకు కూడా ఒకటిన్నర డిగ్రీ లోపే, అంటే మూడు నిండు చంద్రుళ్ల వెడల్పు కూడా ఉండదు. పడటం మాట అటుంచి, అది సెకనుకు సుమారు 14 కిలోమీటర్ల చొప్పున మనవైపు వస్తోంది. రెండు లక్షల ఏళ్లు దాటాక రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం అదే అవుతుంది.

శ్లోకంలో నిజంగా తేదీ పట్టుకోగల మాట ఒకటుంటే అది ధనిష్ఠ. ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో మొదలవుతుందని వేదాంగ జ్యోతిషం చెబుతుంది. ఆకాశంలో ఆ స్థితి క్రీ.పూ. 14-12 శతాబ్దాల ప్రాంతానిదని లెక్కగట్టారు. వసంత విషువత్తు, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడుండే చోటు, రోహిణి దగ్గర ఉన్నది అంతకు మరో పదిహేను వందల ఏళ్లు పైన, క్రీ.పూ. 3000 ప్రాంతంలో. 'ముందు రోహిణి, తర్వాత ధనిష్ఠ' అన్న శ్లోకానికి ఈ చట్రం చక్కగా సరిపోతుంది. సంవత్సరాది గుర్తు నక్షత్రాల మధ్య జరిగిపోతోందన్న జ్ఞాపకం ఇందులో ఉందని నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు, అది తక్కువ విశేషమూ కాదు. కానీ అదే శ్లోకంలో ఒక సగాన్ని క్రీ.పూ. 12,000కు లాగి, రెండో సగాన్ని చూడనట్టు వదిలేయడం కుదరదు.

ఇక ధ్రువతార సంగతి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తూలుతుంది. ఒక తూలుడు పూర్తవడానికి సుమారు 26,000 ఏళ్లు. భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి ఉన్న భూమిని సూర్యచంద్రులు లాగుతుండటమే కారణం. అందుకే ఉత్తర ధ్రువం ఆకాశంలో ఒక పెద్ద వలయం గీస్తూ పోతుంది. ఈజిప్టు పిరమిడ్ల కాలంలో అది డ్రాకో మండలంలోని థూబన్ దగ్గర ఉండేది. ఇప్పుడు పొలారిస్ దగ్గర. క్రీ.పూ. 12,000 ప్రాంతంలో వేగా వైపు ఉండేది, మళ్లీ క్రీ.శ. 14,000 దరిదాపుల్లో అటే వెళుతుంది.

అయితే ధ్రువం నడిచేది చాలా నెమ్మదిగా. ఆకాశంలో ఒక డిగ్రీ జరగడానికి 180 ఏళ్లు. నిండు చంద్రుడి వెడల్పు జరగడానికే మూడు తరాలకు పైగా పడుతుంది. 'ఆకాశం నుంచి జారిపోయింది, ఏం చేయాలో తోచడం లేదు' అని కంగారుపడేంతగా ఏ ఒక్కరి జీవితకాలంలోనూ ఏదీ జరగదు. పైగా ధ్రువం వేగా మీదుగా వెళ్లదు, పక్క నుంచి పోతుంది. ఇప్పటి పొలారిస్ ధ్రువానికి ఒక డిగ్రీ లోపే ఉంది, క్రీ.శ. 2100 ప్రాంతంలో అర డిగ్రీ లోపుకు వస్తుంది. రాబోయే చుట్టులో వేగా ధ్రువానికి దగ్గరయ్యేది క్రీ.శ. 13,700 ప్రాంతంలో, అప్పుడు కూడా నాలుగు డిగ్రీల దూరం మిగిలే ఉంటుంది. అంటే ఆనాడు ఆకాశం చూసేవాళ్లకు అది చాలా ప్రకాశవంతమైన ధ్రువతారే గానీ, కదలని తార మాత్రం కాదు. సుమారు ఎనిమిది డిగ్రీల వెడల్పున్న వలయంలో రోజుకో చుట్టు తిరుగుతూ కనిపిస్తుంది.